మా పెద్దమ్మ గెలిచిన నెల

ఆ రోజుల్లో సికింద్రాబాదులో బొమ్మలేసేవాడంటే జనానికి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు సినిమా హాలు ముందు నిచ్చెనేసుకుని కటౌట్లో హీరో బుగ్గలకి గులాబీరంగు పులిమేవాడు, ఇంకొకడు లారీ వెనక 'హారన్ ప్లీజ్' రాసేవాడు. నేను ఆ రెండు జాతుల్లో దేనికీ చెందననీ, కాగితం మీద ఇండియన్ ఇంకుతో నవ్వొచ్చే బొమ్మలు వేస్తాననీ చెబితే ఎదుటివాళ్లు కాసేపు జాలిగా ఆలోచించి, "అయితే మా స్కూటరుకి నంబరు రాసిపెడతావా?" అనేవారు. (రాసిపెట్టాను కూడా. అందులో ఎనిమిది మరీ నవ్వుతున్నట్టుందని ఒకాయన తుడిపించేశాడు.) మా చర్చి అయ్యగారు నా విద్య గురించి విని ఎంతో సంతోషించి, గేటుకి తెల్లరంగు వెయ్యమని బ్రష్షు చేతికిచ్చారు. అంత గౌరవప్రదమైన వృత్తిలో నేను నిలదొక్కుకున్నానంటే దానికి కారణం నా గీత కాదు, నా తెలివి అసలే కాదు. మా పెద్దమ్మ. ఆవిడ ఓడిపోవడానికి ఒప్పుకోకపోవడం.

ఒంగోలు వైపు మా ఊళ్లో బళ్లో పంతులుగా ఉన్న మా నాన్న, రైల్వే పరీక్షలకి చదువుకుంటాడు కదా అని నన్ను మౌలాలిలో ఉన్న పెద్దమ్మ దగ్గరికి పంపాడు. పెద్దమ్మ మా అమ్మకి అక్క. పెళ్లి చేసుకోలేదు. సికింద్రాబాదులో ఒక ఆడా మగా పిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. మనిషి పొట్టి. కానీ ఎదురుగా నిలబడితే మనమే పొట్టిగా ఉన్నామనిపించేది. నెత్తిన గట్టి ముడి, ఆ ముడిలో గుచ్చిన ఎర్ర పెన్సిలు, మెళ్లో గొలుసుకి వేలాడే కళ్లజోడు, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. ఎవరైనా తప్పు చేస్తే ఆవిడ అరిచేది కాదు. ఎడమ కనుబొమ్మ ఒక్కటి పైకి లేపేది. అంతే. ఒకసారి మా వీధిలో కొట్లాడుకుంటున్న రెండు కుక్కలు ఆ కనుబొమ్మ చూసి చెరో దారిన వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. నేను ఇంటికి రాగానే ఆవిడ అడిగే మొదటి మాట "తిన్నావా" కాదు, "చేతులు కడుక్కున్నావా?" నా చేతులకి ఎప్పుడూ ఇంకు మరకలే కాబట్టి ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు ఉండేది కాదు.

రైల్వే పరీక్ష రాశాను. జవాబు కాగితం వెనకవైపు, నిద్రపోతున్న సూపర్వైజరు బొమ్మ చాలా బాగా వచ్చింది. రైల్వేవాళ్ల నుంచి మళ్లీ కబురు రాలేదు. అప్పుడు నా బొమ్మలన్నీ సంచిలో పెట్టుకుని ఒక దినపత్రిక ఆఫీసుకి వెళ్లాను. ఎడిటరుగారు సౌమ్యుడు. బొమ్మలన్నీ ఓపిగ్గా తిరగేసి, కళ్లు నులుముకుని అన్నారు: "బాబూ, గీత బాగుంది. కానీ ఇందులో మనుషులందరూ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నారయ్యా. ఈ మంత్రీ, ఈయన్ని తిడుతున్న రిక్షావాడూ కవలల్లా ఉన్నారు. నువ్వు మనుషుల్ని చూసి గియ్యటం లేదు, తలకాయలో ఉన్న ఒక్క మొహాన్నే మళ్లీ మళ్లీ గీస్తున్నావు. వెళ్లి నాలుగు రోజులు మనుషుల్ని చూడు." ఆయన అన్నది అక్షరాలా నిజం. నిజం కాబట్టే నాకు చాలా కోపం వచ్చింది. స్టేషను దాకా ఆయన్ని తిట్టుకుంటూ నడిచాను. (ఆ కోపంలో కూడా మనసులో ఆయన బొమ్మ వేశాను. అదీ మంత్రిలాగే వచ్చింది.)

ఆ నడకలోనే మోండా మార్కెట్ వెనక సందులో ఒక ప్రెస్సు కనపడింది. పెళ్లికార్డులు, క్యాలెండర్లు, గైడ్లు వేసే ప్రెస్సు. యజమాని ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు. అందరూ ఆయన్ని పహిల్వాన్ సాబ్ అనే పిలిచేవారు. కుర్చీ వెనక గోడమీద పాతికేళ్ల వయసులో గద భుజాన పెట్టుకుని, ఛాతీ విరుచుకుని దిగిన ఫోటో ఒకటి. ఆ ఫోటోకీ కింద కూర్చున్న మనిషికీ మధ్య చాలా బిర్యానీ గడిచిపోయింది. పిల్లలకి నెలనెలా బొమ్మల కథల పుస్తకం వెయ్యాలని ఆయనకి అప్పుడే బుద్ధి పుట్టింది. నా సంచి కూడా విప్పకుండానే ఉద్యోగం ఇచ్చేశాడు.

"కథ నువ్వే రాయి, బొమ్మ నువ్వే గీయి. హీరో పేరు ఉక్కువీరుడు. మొఖం గిట్లుండాలె," అని వెనక గోడ చూపించాడు. "ఛాతి మాత్రం జెర సుత తగ్గియ్యకు."

ఆ విధంగా ఉక్కువీరుడు పుట్టాడు. పెద్దమ్మకి మాత్రం 'ప్రెస్సులో గైడ్లకి బొమ్మలు వేస్తున్నాను' అని చెప్పాను. కప్ప కడుపు కోసిన బొమ్మ ఒకటి నిజంగానే వేశాను కూడా. మొదటి సంచిక వచ్చింది. అమ్ముడుపోలేదు. రెండోది వచ్చింది. స్టేషనులో పుస్తకాల షాపతను కట్ట విప్పకుండానే తిప్పి పంపాడు. పహిల్వాన్ సాబ్ పుస్తకం ముందేసుకుని పేజీ పేజీ చూసి తల పట్టుకున్నాడు. "ఏందిర బై, గీ విలన్ గిట్లున్నడు? గీన్ని జూస్తె పోరలు భయపడ్తలేరు, జాలి పడ్తున్రు. గీనికి ఇంట్ల అన్నం పెడ్తలేరా? ఈ నెల భయంకరమైన విలన్ రావాలె. లేకుంటె పుస్తకం ఖతం, నీ నౌకరీ సుత ఖతం."

విలన్ కోసం నేను పడ్డ బాధ అంతా ఇంతా కాదు. కొమ్ములు పెట్టాను, కోరలు పెట్టాను, మూడు కళ్లు పెట్టాను. ఎన్ని పెట్టినా అందరూ మా ఊరి పోస్టుమాస్టరులాగే దయగా చూస్తున్నారు. అలా ఇంట్లో కిటికీ దగ్గర కాగితాలు చింపుకుంటూ కూర్చున్న ఒక సాయంత్రం పెద్దమ్మ బడి నుంచి వచ్చింది. గుమ్మంలో ఆగి, నేల మీద పరుచుకున్న చిత్తు కాగితాలు చూసి, నన్ను చూసి, ఎడమ కనుబొమ్మ లేపింది. నా వెన్నులోంచి చల్లగా ఏదో దిగింది. మరుక్షణం బుర్రలో దీపం వెలిగింది. ఎడిటరుగారు చెప్పింది ఇదే కదా! మనిషిని చూసి గీయమన్నారు. భయంకరమైన ఆకారం కోసం ఊరంతా వెతుకుతున్నాను, అది రోజూ పొద్దున్నే నాకు ఇడ్లీ పెడుతోంది!

'కళ్లద్దాల కరాళి' ఆ రాత్రి భోజనాలకి ముందే తయారైపోయింది. ముడి ఉంది, ముడిలో ఎర్ర బాణం ఉంది (పెన్సిలు అని ఎవరూ పట్టుకోకుండా బాణం చేశాను, నా తెలివికి నేనే మురిసిపోయాను), గొలుసు కళ్లజోడు ఉంది, తెరిస్తే ఎగిరే నల్ల గొడుగు ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ కనుబొమ్మ. కరాళి ఎడమ కనుబొమ్మ లేపితే పరిగెత్తే గుర్రాలు ఆగిపోతాయి, ఎగిరే పక్షులు వరసలో నిలబడతాయి.

ఇక చూడండి. పుస్తకం కదిలింది. స్టేషను షాపతను మనిషిని పంపి మరో కట్ట తెప్పించుకున్నాడు. పిల్లల ఉత్తరాలు రావటం మొదలుపెట్టాయి. 'ఉక్కువీరుడుగారికి నమస్కారాలు' అని ఒక్క ముక్క రాసి, మిగతాదంతా కరాళి గురించి. ఆవిడ ఇల్లెక్కడ, గొడుగు ఎక్కడ దొరుకుతుంది, ఆవిడకి అక్కచెల్లెళ్లున్నారా. పహిల్వాన్ సాబ్ ఉత్తరాలు చదువుతూ ఆనందంగానూ ఉక్రోషంగానూ ఉండేవాడు. "పుస్తకం నాది, మొఖం నాది, పేరు గామెకా?" అని, ప్రతి నెలా ఆవిడని చిత్తుగా ఓడించమని ఆర్డరు వేసేవాడు. ఒక నెల కరాళిని నూతిలోకి తోశాను. మరుసటి నెల కొండ గుహలో పెట్టి బండరాయి అడ్డం వేశాను. ఆ పై నెల రాకెట్టుకి కట్టి ఆకాశంలోకి పంపేశాను. ఎంత దూరం పంపినా వచ్చే నెలకి చీర నలగకుండా తిరిగొచ్చేది.

ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద కంచాలకి బదులు నా పుస్తకాలున్నాయి. అన్ని సంచికలూ, నెలల వరసలో, అంచులు సర్ది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. నాకు పారిపోవాలనిపించింది గానీ కాళ్లు ఆవిడ పక్షమే వహించాయి. ఆవిడ పుస్తకాలు పక్కకి జరిపి, అన్నం వడ్డించి, ఎప్పట్లాగే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈ పూట ఆహారానికి వందనాలు. ఈ ఇంట్లో ఒక బిడ్డ ఉన్నాడు. వాడు గైడ్లకి బొమ్మలు వేస్తున్నానని చెప్పాడు. అది నీకూ చెప్పాడో లేదో నాకు తెలియదు. ఇవాళ ఏడో తరగతిలో నేను బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి క్లాసు క్లాసంతా ఎడమ కనుబొమ్మ పైకి లేపి కూర్చుంది, తండ్రీ. బల్లలు ఎత్తించాను. ప్రతి బల్ల కిందా నేనే ఉన్నాను. నూతిలో ఉన్నాను. గుహలో ఉన్నాను. రాకెట్టుకి కట్టి ఉన్నాను. నా సొంత చెల్లెలి కొడుకు నన్ను ఎక్కడెక్కడికి పంపించాడో నువ్వే చూస్తున్నావు. వాడికి బుద్ధి దయచేయుము. ఆమేన్."

నేను ఆమేన్ అన్నానో లేదో గుర్తు లేదు. పప్పు కలుపుకుంటూ కూర్చున్నాను. అప్పుడు ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రాకెట్టు సంచిక తెరిచింది.

"గొడుగు నాది," అంది.

"అది... కల్పితం, పెద్దమ్మా."

"ముడి నాది. ఇది బాణం కాదు, నా పెన్సిలు. మొనకి కొరికిన గుర్తు కూడా వేశావు."

ఉద్యోగం, మౌలాలిలో గది, మధ్యాహ్నం కారియరు, మూడూ ఒకేసారి కళ్ల ముందు నుంచి వెళ్లిపోతూ చేతులు ఊపాయి. పెద్దమ్మ పేజీలు తిప్పి, చివరి బొమ్మ మీద వేలు పెట్టి, నేను కలలో కూడా ఊహించని ప్రశ్న వేసింది.

"ఎందుకు ఓడిపోతోంది?"

"ఆఁ?"

"ఈవిడ. ప్రతి నెలా ఎందుకు ఓడిపోతోంది అని అడుగుతున్నాను. ఇంత తెలివైన మనిషి, చెరసాల తాళంచెవి కొంగుకి కట్టుకుని గుర్రుపెట్టి నిద్రపోతుందా? ఈ వీరుడు గోడ దూకి వచ్చాడు. గోడ దూకేవాడు ఎటు దూకుతాడో నాకు తెలియదా? నా సర్వీసంతా అదే కదా చేశాను! నేను ఏ పిల్లవాడి చేతిలో ఓడిపోయానో ఒక్కడి పేరు చెప్పు." ఆవిడ పుస్తకం మూసేసింది. కోపంతో కాదు. "రేపట్నుంచి ఆ క్లాసులోకి ఎలా వెళ్లను? నన్ను వీడు నూతిలోకి తోస్తాడని వాళ్లందరికీ తెలుసు. వచ్చే నెల ఈవిడ గెలవాలి. లేదంటే పెట్టె సర్దుకుని మీ నాన్న దగ్గరికి వెళ్లిపో."

అప్పుడు అర్థమైంది నాకు, బొమ్మ వేసినందుకు ఆవిడకి కోపం లేదు. ఆ మాటకొస్తే కొరికిన గుర్తు గురించి చెప్పినప్పుడు కొంచెం గర్వం కూడా కనపడింది. అడుగుతున్నదల్లా న్యాయం.

మర్నాడు ప్రెస్సులో సంగతి కదిపాను. పహిల్వాన్ సాబ్ చాయ్ కప్పు కింద పెట్టేశాడు. "ఏందీ? హీరో ఓడిపోతడా? అంటె నేను ఓడిపోతనా? గా ముసల్ది నన్ను కొడ్తదా? మా అల్వాల్ల నా ఇజ్జత్ ఏం గావాలె?" (ఉక్కువీరుడి మొహం ఎవరిదో అల్వాల్లో ఇంటింటికీ తిరిగి ఆయనే చెప్పుకున్నాడు.) "హీరో ఓడిన నాడు నువ్వు ఈ గడప తొక్కకు."

కరాళి ఇంట్లో ఓడిపోకూడదు, ప్రెస్సులో గెలవకూడదు. నేను మహా రాజకీయవేత్తనని అనుకుని ఇద్దరికీ సంధి కుదిర్చాను. చివరి పేజీలో ఉక్కువీరుడూ కరాళీ చేతులు కలుపుకుని సూర్యుడి వైపు నడిచిపోతున్నట్టు గీశాను. పహిల్వాన్ సాబ్ చూసి, "షేక్‌హ్యాండ్ జూసుటానికి పోరలు బుక్కు కొంటరా?" అన్నాడు. పెద్దమ్మ చూసి, "వీడితో నేను చెయ్యి కలపటమా? వీడి గోళ్లు చూడు," అంది. గోళ్లు మరీ అంత వివరంగా వేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ శనివారం మధ్యాహ్నం ప్రెస్సులో పనిలో ఉన్నాం. మిషను దడదడలాడుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. తలెత్తి చూస్తే గుమ్మంలో పెద్దమ్మ. చేతిలో గొడుగు, చంకలో పుస్తకాల కట్ట. మిషను దగ్గరివాళ్లంతా బొమ్మల్లా నిలబడిపోయారు. పహిల్వాన్ సాబ్ ఆవిడని చూశాడు. బల్ల మీదున్న ప్రూఫు కాగితం చూశాడు. మళ్లీ ఆవిడని చూశాడు. నోట్లో బీడీ జారి క్యాలెండర్ల మీద పడింది.

"అరె," అన్నాడు నెమ్మదిగా, "గీమె నిజంగనే ఉన్నదా?"

పెద్దమ్మ గోడమీద ఫోటోని చూసింది. కింద ఉన్న మనిషిని చూసింది. "మీరేనా ఉక్కువీరుడు?" అంది. పహిల్వాన్ సాబ్ లేచి నిలబడి, నాకు తెలిసి మొదటిసారి, పొట్ట లోపలికి పీల్చాడు. "కూర్చోండి," అంది పెద్దమ్మ. సొంత ఆఫీసులో, సొంత కుర్చీలో, ఆయన "థ్యాంక్సండి" అని కూర్చున్నాడు.

పెద్దమ్మ కట్ట విప్పింది. ప్రతి పేజీ ఎర్ర పెన్సిలుతో నిండి ఉంది. "ముందు ఇది చెప్పండి. ప్రతి నెలా 'భయంకరం' అన్న మాటని 'బయంకరం' అని వేస్తున్నారు. ఒత్తు లేకపోతే ఎవరికైనా భయం ఎలా వేస్తుంది?"

పహిల్వాన్ సాబ్ నా వైపు చూశాడు. నేను మిషను వైపు చూశాను.

"మేడమ్," అన్నాడు ఆయన, గొంతు సవరించుకుని, "ఒత్తులు మంచిగ పెట్టిస్త. గని పోరలకు హీరో గెలువాలె. గెలువకుంటె బుక్కు కొనరు. గిది ధందా మేడమ్."

"మీ పుస్తకాలు నేను పిల్లల దగ్గర లాక్కున్నాను. లాక్కున్నప్పుడు ఒక్కడూ మీ వీరుడి కోసం ఏడవలేదు. 'టీచర్, కరాళి ఉన్న పేజీ ఒక్కటి చించి ఇవ్వండి టీచర్' అన్నారు. సరే, మిమ్మల్నొకటి అడుగుతాను. కుస్తీలో మీరెప్పుడూ ఓడిపోలేదా?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. ఫోటో వైపు చూశాడు. తర్వాత "ఒక్కపారి," అన్నాడు. "బోయినపల్లిల. ఒక సన్నటి పోరడు. రెండు నిమిషాల్ల నన్ను పండవెట్టిండు."

"తర్వాత?"

"తర్వాతేముంది మేడమ్, సిగ్గుతోని నెల రోజులు బయటికి రాలే. మళ్ల కుస్తీకి దిగిన నాడు చూస్తె..." అని ఆగిపోయాడు. మొహంలో ఏదో కదిలింది. "చూస్తె జనం డబల్! చెట్లెక్కి కూసున్నరు! ఎప్పుడు గెలిచినా గంత మంది రాలే. ఎందుకొచ్చిన్రు? మళ్ల లేస్తడా లేదా అని జూసుటానికి..." బల్ల మీద గట్టిగా చరిచాడు. క్యాలెండర్లు ఎగిరాయి. "అగో! ఆర్టిస్టూ, విన్నవా? హీరో ఓడాలె! గీ నెల హీరో ఓడాలె! నేను ముందుగాల్నుంచి చెప్తనే ఉన్న!"

పెద్దమ్మ గొడుగు తీసుకుని లేచింది. "పాఠం అర్థమైతే చాలు," అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "కానీ కొట్టకూడదు. నేను పిల్లల్ని కొట్టను," అని వెళ్లిపోయింది. (ఈ విషయంలో నా కుడి చెవి సాక్ష్యం వేరు. అయినా సందర్భం కాదని ఊరుకున్నాను.)

కొట్టకుండా ఒక ఉక్కు మనిషిని ఓడించటం ఎలా? ఆ సమస్య కూడా పెద్దమ్మే తీర్చింది, ఏడో తరగతిని ఎలా అదుపులో పెడుతుందో ఒక రోజంతా వెనక బెంచీలో కూర్చోబెట్టి చూపించి. ఆ నెల కథలో ఉక్కువీరుడు ఎప్పట్లాగే గోడ దూకుతాడు. దూకినచోట కరాళి కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. "వచ్చావా? ఆలస్యం అయింది," అంటుంది. గొలుసులు లేవు, గుహ లేదు. ఒకటో తరగతి పిల్లలు కూర్చునే చిన్న బల్ల. వీరుడి మోకాళ్లు చెవుల దాకా వస్తాయి. 'భయంకరం' అని వందసార్లు రాయమంటుంది, ఒత్తుతో సహా. కొండల్ని పిండి చేసిన పిడికిలి కదా, పెన్సిలు పట్టుకోగానే పుటుక్కున విరిగిపోతుంది. ఇంకోటి ఇస్తుంది. అదీ విరుగుతుంది. పెన్సిళ్ల గుట్ట మధ్య ఉక్కువీరుడు బావురుమంటాడు.

ఇదంతా చకచకా వచ్చేసింది. ఆఖరి బొమ్మ దగ్గర చిక్కుపడ్డాను. గెలిచిన కరాళి నవ్వాలి. కానీ మా పెద్దమ్మ నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఆవిడ ఇంట్లో ఉంటున్న ఇన్నాళ్లలో ఎప్పుడూ చూడలేదు. ఊహించి గీస్తే మళ్లీ పోస్టుమాస్టరే వస్తున్నాడు. చివరికి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక వెళ్లి అడిగేశాను. "పెద్దమ్మా, ఒకసారి నవ్వవూ?"

"ఎందుకు?"

"బొమ్మకి."

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని పెదాలు అటూ ఇటూ సాగదీసింది. పంటి నొప్పిలా ఉంది. ఆవిడకీ తెలిసింది. "రావటం లేదురా," అంది, తప్పు చేసిన పిల్లలాగా. ఆ మాట అంటున్న ఆవిడని చూస్తే నాకు ఏదోలా అయింది. ఇంకేం చెయ్యాలో తోచక అప్పటిదాకా వేసిన పేజీలు తెచ్చి ఒడిలో పెట్టాను. గోడ దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క బొమ్మే చూస్తూ వచ్చింది. చిన్న బల్లలో ఇరుక్కున్న వీరుడి దగ్గర ఆగింది. విరిగిన పెన్సిళ్లు చూసింది. బుగ్గల మీద జారుతున్న ఉక్కు కన్నీళ్లు చూసింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత కళ్లజోడు జారింది. ఆ తర్వాత మా పెద్దమ్మ, ఏ పిల్లాడూ ఏనాడూ గెలవలేని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా, చిన్న పిల్లలా కిలకిలా నవ్వింది. ముందు పంటి పక్కన చిన్న సందు ఉందనీ, నవ్వితే ముక్కు మీద ముడతలు పడతాయనీ ఆ రోజే తెలిసింది నాకు. ఆవిడ నవ్వటం ఆపేలోగా పెన్సిలు అందుకుని గబగబా గీసేశాను. నా చేతిలోంచి వచ్చిన మొట్టమొదటి నిజమైన మనిషి మొహం అది.

పుస్తకం వచ్చిన రోజు పహిల్వాన్ సాబ్ పొద్దున్నుంచీ గోళ్లు కొరుకుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి స్టేషను షాపతను మనిషిని పంపలేదు, తనే పరిగెత్తుకొచ్చాడు. "సాబ్, ఉన్నయా? ఇంకా ఉన్నయా?" లేవు. పెళ్లికార్డుల పని పక్కన పడేసి మళ్లీ అచ్చు షురూ చేశాం. సైనిక్‌పురి నుంచి రిటైరైన మిలటరీ అధికారి ఒకాయన మనవడి కోసం వచ్చి, ప్రెస్సు గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివి, తనకోసం ఇంకోటి కొనుక్కున్నాడు. పహిల్వాన్ సాబ్‌ని అల్వాల్లో పిల్లలు చుట్టుముట్టి, "అంకుల్, వచ్చే నెల లేస్తరా? లేస్తరా?" అని అడిగారట. ఆ రోజంతా ఆయన నడక కుస్తీ గెలిచినవాడి నడకే.

సోమవారం పెద్దమ్మ ఏడో తరగతిలోకి వెళ్లింది. పిల్లలంతా లేచి నిలబడ్డారు. కాసేపు బిక్కుబిక్కుమంటూ చూశారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, చప్పట్లు. పక్క క్లాసువాళ్లు కిటికీల్లోంచి చూసి వాళ్లూ అందుకున్నారు. "నువ్వేం చేశావు పెద్దమ్మా?" అని అడిగాను సాయంత్రం. "ఏం చేస్తాను? కూర్చోమని, పందొమ్మిదో ఎక్కం చెప్పించాను," అంది. కానీ ఆ పూట కూరలో ఉప్పు వెయ్యటం మర్చిపోయింది. ఆదివారం అయ్యగారు చర్చి గుమ్మంలో అందరి ముందూ, "అమ్మగారూ, ఈ నెల మీరే గెలిచారటగా!" అన్నారు. ఆవిడ గంభీరంగా తలూపి, "దేవుని కృప," అంది.

తర్వాత దినపత్రిక ఎడిటరుగారి నుంచి కబురొచ్చింది. ఆయన బల్ల మీద పెన్సిళ్ల సంచిక ఉంది. ఆఖరి బొమ్మ తెరిచి ఉంది. "ఈవిడ ఎవరయ్యా?" అన్నారు. చెప్పాను. చాలాసేపు నవ్వారు. "చూశావా, మనిషిని చూశావు, బొమ్మ లేచి కూర్చుంది. ఈవిడ పిల్లల్నే అదుపులో పెట్టాలా? మా పేపర్లో రోజూ వచ్చే పెద్దమనుషుల్ని కాస్త చూసిపెట్టకూడదూ?" అలా 'టీచరమ్మ' పేరుతో మొదటి పేజీలో నా కార్టూను మొదలైంది. మొదటిరోజు బొమ్మలో మంత్రులంతా ప్రార్థన లైనులో నిలబడి చేతులు చాపి ఉంటారు. టీచరమ్మ మొదటాయన ముందు ఆగి అంటుంది: "గోళ్లు చూపించమన్నాను నాయనా, చెయ్యి చాపమనలేదు." దాన్ని అచ్చుకి పంపేముందు పెద్దమ్మకి చూపించాను. ఒత్తులు సరిచూసి, బాగుందనలేదు గానీ, నాన్నకి ఉత్తరం తనే రాస్తానంది. వాడికి రైల్వే ఉద్యోగం వద్దు అని.

ఆ తర్వాత చాలా ఏళ్లు గీశాను. ఎందరో మంత్రులు వచ్చారు, వెళ్లారు. శాలువాలు కప్పారు, సభల్లో మాట్లాడమన్నారు. కానీ నన్ను ఇప్పటికీ గట్టిగా పట్టుకున్నది ఆ మొదటి కార్టూను పడ్డ రోజు. పొద్దున్నే స్టేషనుకి వెళ్లి పేపరు కొన్నాను, నా పేరు చూసుకున్నాను, అయినా ఇంకేదో కావాలనిపించింది. మౌలాలి బస్సెక్కి, సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, పేపరు చదువుతున్న ఒక గళ్లచొక్కా ఆయన పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఆటల పేజీ చదివాడు. మార్కెట్ ధరలు చదివాడు. సంతాప ప్రకటనలు కూడా చదివాడు. అప్పుడు మొదటి పేజీకి వచ్చాడు. చూశాడు. ముక్కులోంచి ఫుస్సున ఒక నవ్వు వచ్చింది. పక్కాయన్ని మోచేత్తో పొడిచి, "జూసినవా అన్నా గిది?" అన్నాడు. ఆయనా నవ్వాడు. నేనే గీశానని చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేక, దిగలేక, అలా నిలబడి, నా స్టాపు దాటిపోయి, బస్సు ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా వెళ్లిపోయాను.

అక్కణ్ణుంచి ఎండలో వెనక్కి నడిచి వచ్చాను. దారంతా నాలో నేను నవ్వుకుంటూ, మధ్యమధ్య పైకే నవ్వుతూ, పేపరు చుట్టి గాలిలో ఊపుకుంటూ. ఎదురొస్తున్న కూరగాయల బండామె నన్ను చూసి, వీడికేదో అయిందని బండిని రోడ్డు అవతలికి తోసుకుని వెళ్లిపోయింది. ఆ సంగతి నాకు అప్పుడు పట్టనే లేదు. ఇన్నాళ్ల తర్వాత, ఆ ఎండలో ఒంటరిగా నవ్వుకుంటూ నడిచొస్తున్న ఆ బక్కపల్చటి కుర్రాడు గుర్తొస్తే, ఆమె చేసింది సరైన పనే అనిపిస్తుంది.